అవ్వ ముఖం మారిన వారం



ఉగాదికి కొత్త పంచాంగం ఇంటికి వస్తే తమిళనాడులో హోసూరు వైపు ఉన్న సూళగిరి, బేరిగ, బాగలూరు పల్లెల్లో పెద్దవాళ్లు ముందు రాశిఫలాలు చూస్తారు. పిల్లలు మాత్రం చివరి పేజీలకు పరిగెత్తుతారు. బల్లి ఎక్కడ పడితే ఏమవుతుందో అక్కడ ఒక పట్టిక ఉంటుంది. కలలో ఏది కనిపిస్తే ఏ ఫలమో చెప్పే పట్టిక ఇంకొకటి. పాముకు ఒక ఫలం, ఏనుగుకు ఒక ఫలం, పళ్లూడితే మరో ఫలం. ఎడమపక్క కల, కుడిపక్క దాని అర్థం. మధ్యలో గీత.

కలల్లాంటి సినిమాలను కూడా చాలామంది ఈ గీత కొట్టే చూస్తారు. సినిమా అయిపోగానే ఫోనులో దాని అర్థం చెప్పే వీడియో వెతుకుతారు. అద్దం కనిపిస్తే మనసు, మెట్లు దిగితే గతం, ఎర్రచీర కనిపిస్తే ప్రమాదం. కొన్ని సినిమాలకు ఈ లెక్క సరిపోతుంది కూడా. పిల్లలు పెద్దవాళ్లయ్యే రోజులను కలగా చూపించిన సినిమాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గీత నిలవదు. ఆ వయసులో ఒకే తలుపు భయపెడుతుంది, రమ్మని కూడా పిలుస్తుంది. ఒకే మనిషి ఉదయం అయినవాడు, సాయంత్రం పరాయివాడు. కుడిపక్క ఒక్క అర్థం రాసేస్తే రెండో సగం జారిపోతుంది.

ఈ మాటకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం 1970లో చెకొస్లొవాకియాలో వచ్చిన ‘వాలెరీ, అద్భుతాల వారం’ అనే సినిమా. దర్శకుడు యారొమిల్ యిరెష్. కథ ఒక చిన్న ఊళ్లో, ఒక వారంలో జరుగుతుంది. వాలెరీకి 13 ఏళ్లు. తల్లిదండ్రులు లేరు, అవ్వ పెంచుతోంది. తల్లి వదిలి వెళ్లిన చెవికమ్మలు ఆ పిల్ల దగ్గర ఉన్నాయి. సినిమా మొదట్లోనే, పిల్ల నిద్రలో ఉండగా ఒక కుర్రవాడు ఆ కమ్మలు ఎత్తుకుపోతాడు, మళ్లీ తెచ్చి ఇచ్చేస్తాడు. తెల్లటి గడ్డిపూల మధ్య నడుస్తుంటే పూరేకుల మీద ఒక రక్తపు చుక్క పడుతుంది. అక్కడినుంచి ఊరు ఊరుగా ఉండదు.

ఊళ్లోకి ఒక పెళ్లి ఊరేగింపు, నాటకాలవాళ్లు, మతప్రచారకులు వస్తారు. వాళ్ల మధ్య ఒక ముసుగు మనిషి. ముసుగు తీస్తే పాలిపోయిన చర్మం, పుచ్చిన పళ్లు, మృగం లాంటి ముఖం. అతను ఒకప్పుడు అవ్వ మనసిచ్చినవాడని తెలుస్తుంది. మళ్లీ పడుచుదనం వస్తుందంటే అవ్వ ఇంటిని అతనికి రాసిచ్చేస్తుంది. మర్నాటికి అవ్వ కనిపించదు. దూరపు చుట్టమంటూ ఒక పడుచు దిగుతుంది. వాలెరీ ఆమెను పరీక్షగా చూస్తుంది. చూసేవాళ్లకూ అనుమానమే, ఎందుకంటే ఆ ముఖం అవ్వదే. హెలెనా అనీజోవా అనే నటి అవ్వ వేషం వేసింది, చుట్టం వేషం వేసింది, చివర్లో తిరిగొచ్చే తల్లి వేషమూ ఆవిడే వేసింది.

సినిమాలో అన్నింటికంటే పదునైన ఆలోచన ఇదే. దీనికి మాటల వివరణ ఏదీ ఉండదు. పదమూడేళ్ల పిల్ల కళ్లకు ఇంట్లో ఆడవాళ్లంతా ఉన్నట్టుండి ఒకే మనిషి వేర్వేరు వయసుల్లా కనిపించడం, తానూ ఆ వరసలో నిలబడబోతున్నానని తోచడం, ఇదంతా ఒక్క నటి ముఖంతో తేలిపోయింది. చుట్టరికాలు కూడా అంతే. ఆ ముసుగు మనిషి తండ్రా కాదా, ఆ కుర్రవాడు అన్నా కాదా అనేది సినిమా ఒక్కోసారి ఒక్కో రకంగా చెబుతుంది. ఎవరు వరసకు ఏమవుతారో తెలియని పిల్లకు ఎవరి దగ్గర ఎలా మెలగాలో కూడా తెలియదు.

కమ్మల సంగతి చూడాలి. వాటిలోని ముత్యం మింగితే ఆపద తప్పుతుంది. మతగురువు చెడుబుద్ధితో గదిలోకి వస్తే పిల్ల ముత్యం మింగి చచ్చినట్టు పడిపోతుంది. మంత్రగత్తె అని కొయ్యకు కట్టి మంట పెట్టినప్పుడు కూడా ముత్యమే కాపాడుతుంది. ముసుగు మనిషికి కావలసిందీ ఆ కమ్మలే. విమర్శకులు వాటికి రకరకాల అర్థాలు రాశారు. కొందరికి అవి కన్నెతనం, కొందరికి తల్లి నుంచి వచ్చిన ఆస్తి, మరికొందరికి స్వేచ్ఛ. అర్థాల సంగతి పక్కన పెట్టి కమ్మలు సినిమాలో చేసే పని చూస్తే విషయం తేటగా ఉంటుంది. వాటిని పెద్దవాళ్లంతా అడుగుతారు, దొంగిలిస్తారు, తీసెయ్యమంటారు. పిల్ల మాత్రం ఇవ్వదు. తనదంటూ ఒకటుందని, దాని మీద చెయ్యి వెయ్యనివ్వకూడదని ఆ వారంలో నేర్చుకుంటుంది.

ఈ సినిమాకు ఆధారం వీతెజ్‌స్లావ్ నెజ్వాల్ నవల. ఆయన కవి. 1934లో ప్రాగ్ నగరంలో సర్రియలిస్టు బృందం మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. నవల 1935లో రాశారు, అచ్చయింది 1945లో. తెలుగులో అధివాస్తవికత అని పిలుస్తున్న ఈ ఉద్యమానికి, ప్రాగ్ బృందం కంటే పదేళ్ల ముందే, 1924లో, పారిస్‌లో ఆంద్రె బ్రెటన్ ప్రణాళిక రాశాడు. ఫ్రాయిడ్ కలల మీద రాసిన పుస్తకం వాళ్లందరికీ మూలం. ఫ్రాయిడ్ కలలకు అర్థం చెప్పడానికి ప్రయత్నించాడు. సర్రియలిస్టులు కలను కలగానే బతకనివ్వాలన్నారు. 1929లో లూయిస్ బునుయెల్, సాల్వడార్ డాలీ కలిసి ‘ఆండలూసియా కుక్క’ అనే చిన్న సినిమా తీసేటప్పుడు ఒక నియమం పెట్టుకున్నారు. ఏ దృశ్యానికైనా తర్కంతో వివరణ దొరికేట్టుంటే దాన్ని తీసిపారేయాలి. బునుయెల్ తన ఆత్మకథలో ఈ సంగతి రాసుకున్నాడు. ఆ సినిమాలో అరచేతిలోంచి చీమలు పుట్టుకొస్తాయి. చీమలకు అర్థం ఏమిటని నూరేళ్లు దగ్గర పడుతున్నా జనం అడుగుతూనే ఉన్నారు. అడగకూడదన్నది తీసినవాళ్ల పంతం.

యిరెష్ పరిస్థితి వేరు. 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చాయి. మిలన్ కుందేరా నవల ‘జోక్’ ఆధారంగా ఆయన తీసిన సినిమాను ప్రభుత్వం తొక్కిపెట్టింది. దాని తర్వాత తీసినదే వాలెరీ. దక్షిణ బొహీమియాలో ఆస్ట్రియా సరిహద్దుకు దగ్గరగా ఉన్న స్లావోనిట్సె అనే పాత పట్టణంలో షూటింగ్ జరిగింది. ఎస్తెర్ క్రుంబాఖోవా స్క్రిప్టులో చెయ్యి వేసింది, సెట్ల రూపకల్పనా చూసింది. ముసుగు మనిషి పరాయి సేనకు గుర్తు అనేవాళ్లు ఉన్నారు, మతపెత్తనానికి గుర్తు అనేవాళ్లూ ఉన్నారు. రెండు వాదాలకూ సినిమాలో ఆధారం దొరుకుతుంది. సెన్సారు కత్తెర పట్టుకుని కూర్చున్న కాలంలో ఒకే బొమ్మ పదిరకాలుగా అర్థం కావడం దర్శకుడికి రక్షణ కూడా అయ్యింది.

ఒక మాట దాచకూడదు. వాలెరీగా నటించిన యారొస్లావా షాలెరోవా వయసు అప్పటికి 13. కొన్ని దృశ్యాల్లో కెమెరా ఆ పిల్లను చూసిన తీరు సరికాదని ఈనాటి ప్రేక్షకులు అభ్యంతరం చెబుతారు. ఆ అభ్యంతరం న్యాయమైనది. పెద్దల చూపు పిల్లను ఎలా బాధిస్తుందో చెప్పే సినిమా తానే ఆ చూపులోకి జారితే, ప్రతీక అనే మాట అడ్డుపెట్టి తప్పించుకోవడం కుదరదు. ఇది పిల్లలకు చూపించే సినిమా కాదు.

ఇక ప్రాగ్ వదిలి సూళగిరికి వద్దాం.

హోసూరు, కృష్ణగిరి మధ్య పెద్దరోడ్డు మీద వెళ్లేవాళ్లకు పెళ్లి ఫ్లెక్సీల పక్కన మరో రకం ఫ్లెక్సీలు కనిపిస్తాయి. పట్టుచీర, పూలజడ, చేతినిండా గాజులతో ఒక అమ్మాయి నిలువెత్తు బొమ్మ. పైన తమిళ అక్షరాల్లో ‘మంజళ్ నీరాట్టు విళా’. చుట్టూ తాతలు, మేనమామలు, చిన్నాన్నలు, పార్టీ నాయకుల ఫోటోలు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లైనా ఫ్లెక్సీ తమిళంలోనే వేయిస్తారు. పిల్ల పెద్దమనిషి అయిందని ఊరికి చాటడం అది.

ఫ్లెక్సీకి ముందు జరిగేది ఇంట్లోవాళ్లకే తెలుసు. పిల్లను ఒక మూలన కూర్చోబెడతారు. విడిగా కంచం, విడిగా చాప. మేనమామ పచ్చి ఆకులు, కొమ్మలు తెచ్చి గుడిసె కడతాడు. పక్కన ఇనుపముక్క పెడతారు, వేపాకు పెడతారు, గాలి సోకకూడదని. నువ్వులు బెల్లం దంచిన చిమ్మిలి తినిపిస్తారు. నువ్వులనూనె, గుడ్డు మింగిస్తారు. నిన్నటిదాకా కలిసి ఆడిన అన్నదమ్ములు దగ్గరికి రారు. మాటే మాట్లాడని పెద్దమ్మలు దగ్గర కూర్చుని గుసగుసగా ఏవేవో చెబుతారు. తొమ్మిదోనాడో పదకొండోనాడో తలకు నీళ్లు పోస్తారు. గుడిసె పీకేస్తారు, కొన్నిచోట్ల కాల్చేస్తారు.

ఇందులో ప్రతి వస్తువుకూ అర్థం చెప్పొచ్చు. చెప్పినవాళ్లూ ఉన్నారు. నువ్వులు బలానికి, ఇనుము దుష్టశక్తి పోవడానికి, గుడిసె విశ్రాంతికి అని పెద్దవాళ్లు అంటారు. గుడిసె అంటరానితనమే అని ఆడవాళ్ల హక్కుల గురించి రాసేవాళ్లు అంటారు. లోపల కూర్చున్న పిల్లకు రెండూ ఒకేసారి నిజం. అందరూ తన చుట్టూ తిరుగుతున్నారు, తనను మాత్రం ముట్టుకోవడం లేదు. కొత్త చీర వచ్చింది, వీధిలో ఆట పోయింది. మేనమామ ఎంతో ప్రేమగా గుడిసె కడుతున్నాడు. ఆ మేనమామ కొడుక్కే తనను ఇస్తారేమో అన్న పరిహాసం అప్పుడే చెవిన పడుతుంది. వాలెరీ సినిమా చూసి ‘ఇదేం పిచ్చి కథ’ అనుకునే తెలుగు ప్రేక్షకురాలు తన పన్నెండో ఏడు గుర్తు తెచ్చుకుంటే, అయినవాళ్ల ముఖాలు మారిపోవడం అనేది అంత విడ్డూరంగా తోచదు.

మరి తెలుగు సినిమా ఈ కథ చెప్పిందా? చెప్పింది, మగపిల్లల గురించి. చాలా బాగా చెప్పింది.

జంగాలు బుర్రకథగా చెప్పుకుంటూ వచ్చిన బాలనాగమ్మ కథను 1942లో జెమినీ సంస్థ సినిమాగా తీసింది. దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్య. బాలనాగమ్మ కాంచనమాల, మాయలమరాఠి గోవిందరాజుల సుబ్బారావు. మాంత్రికుడు భిక్షకుడి వేషంలో వాకిట నిలబడతాడు. ఉయ్యాలలో బిడ్డ ఉండగానే తల్లిని కుక్కగా మార్చి తీసుకుపోతాడు. వెతకబోయిన తండ్రి రాయి అవుతాడు. ఆ బిడ్డ బాలవర్ధిరాజు పెరుగుతాడు, నిజం తెలుసుకుంటాడు, ఇల్లు వదులుతాడు. పూలమ్మే ముసలమ్మ ఇంట్లో మనవడిగా చేరి తల్లిని కలుసుకుంటాడు. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. చిలకను పట్టుకుని వాడి ప్రాణం తీస్తాడు.

సర్రియలిస్టులు పుట్టకముందే ఈ కథ పల్లెల్లో ఉంది. తల్లి కుక్క కావడం, తండ్రి రాయి కావడం. ఇంత తీవ్రమైన ఊహకు ఏ ప్రణాళికా అవసరం లేకపోయింది. పసివాడికి ఇల్లు మాయమవడం ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా సూటైన దృశ్యం దొరకడం కష్టం. ఒక పూట పలకరించిన తల్లి మరో పూట పలకదు, తండ్రి కదలడు. అంతమాత్రాన కుక్క అంటే ఇది, రాయి అంటే అది అని కథ చెప్పే జంగం ఎన్నడూ వివరించడు. వినేవాళ్లూ అడగరు.

తొమ్మిదేళ్ల తర్వాత, 1951 మార్చిలో, ‘పాతాళభైరవి’ వచ్చింది. అదే ఏడాది తమిళంలోనూ విడుదలైంది. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు దానికి ప్రేరణ. 1952లో భారత ప్రభుత్వం జరిపిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ సినిమా ప్రదర్శించారు. దీన్ని జానపదమనే అందరూ అంటారు. కాస్త పక్కనుంచి చూస్తే ఇది ఒక కుర్రవాడు పెద్దవాడయ్యే కథ.

తోట రాముడు తోటమాలి కొడుకు, తల్లిచాటు బిడ్డ. ఉజ్జయిని రాకుమారి మీద మనసు పడ్డాడు. తనతో సమానమైన సంపద తెస్తే పిల్లనిస్తానని రాజు అంటాడు. సరిగ్గా అప్పుడే నేపాళ మాంత్రికుడు ఎదురవుతాడు. సంపద దారి తనకు తెలుసంటాడు. ఆ ముసలివాడికి కావలసింది ఒక సాహసవంతుడైన యువకుడి బలి. కొండగుహలోకి తీసుకెళ్తాడు. నీళ్లలో దిగిన రాముడి మీద మొసలి పడుతుంది. మొసలిని చంపితే శాపం తీరిన గంధర్వకాంత నిలబడి, ముసలివాడి ఎత్తు ఏమిటో చెబుతుంది. రాముడు మాంత్రికుణ్ణే బలిచ్చి పాతాళభైరవి బొమ్మ చేజిక్కించుకుంటాడు.

ఇప్పుడు ఈ సినిమా పక్కన వాలెరీని నిలబెట్టి చూడాలి. రెండింట్లోనూ ఒక ముసలి మనిషికి పసిప్రాణం కావాలి. రెండింట్లోనూ అరచేతిలో పట్టే ఒక చిన్న వస్తువు చుట్టూ కథంతా తిరుగుతుంది. ఒకచోట కమ్మలు, ఒకచోట బొమ్మ. తేడా ఎక్కడంటే, బొమ్మ అడిగింది ఇస్తుంది. మేడ కావాలంటే మేడ లేస్తుంది. కమ్మలు ఏదీ ఇవ్వవు, ఉన్నదాన్ని పోనివ్వకుండా కాపాడతాయి. మగపిల్లవాడి కథలో ఎదగడమంటే సంపాదించడం, ఆడపిల్ల కథలో ఎదగడమంటే కాపాడుకోవడం. ఈ తేడా ప్రాగ్ నుంచి ఉజ్జయిని దాకా ఒక్కతీరుగా ఉంది. పాతాళభైరవిలో రాకుమారి ఇందుమతి కలలేమిటో, ఆమె ఎదగడం ఎలా జరిగిందో కథకు అక్కర్లేకపోయింది. బాలనాగమ్మకు వచ్చిన కష్టం కూడా కొడుకు ఎదగడానికి మెట్టు అయింది. తెలుగు జానపద సినిమాల్లో ఆడపిల్ల చెర అనుభవిస్తుంది, దారి నడిచేది కుర్రవాడు.

కుక్కగా మారడం అనే ఆ ఊహనే మలయాళంలో జి. అరవిందన్ మరోలా వాడుకున్నాడు. 1979 నాటి ‘కుమ్మాట్టి’లో మలబారు ఊరికి ఏటా ఒక ముసలాయన ఆడుతూ పాడుతూ వస్తాడు. పిల్లలకు ఆయనంటే భయం, ఆయన వెనకే తిరుగుతారు కూడా. వెళ్లిపోయే రోజు సరదాకు పిల్లలందరినీ జంతువులుగా మారుస్తాడు. ఒకడు ఏనుగు, ఒకడు నెమలి, ఒకడు కోతి. చిందన్ అనే కుర్రవాడు కుక్క అయ్యి, మరో కుక్క తరమడంతో దారితప్పుతాడు. మిగతావాళ్లంతా తిరిగి పిల్లలవుతారు, చిందన్ మిగిలిపోతాడు. పట్నంలో ఒక గొప్పింటివాళ్లు తెచ్చి కట్టేసుకుని, జాతికుక్క కాదని తెలిసి వదిలేస్తారు. ఇల్లు చేరితే తల్లి గుర్తుపడుతుంది. ఏడాదికి ముసలాయన మళ్లీ వచ్చి మామూలు మనిషిని చేస్తాడు. చిందన్ ఇంటికి రాగానే చేసిన మొదటి పని, పంజరంలో తాను పెంచుకున్న చిలకను వదిలేయడం.

ఈ చిలక దగ్గర కాసేపు ఆగాలి. బాలవర్ధిరాజు చిలకను చంపి పెద్దవాడయ్యాడు. చిందన్ చిలకను వదిలి పెద్దవాడయ్యాడు. చిలక అంటే ప్రాణం, చిలక అంటే స్వేచ్ఛ అని పట్టికలో రాసుకుంటే రెండు కథల మధ్య ఉన్న దూరం కనిపించదు. గొలుసు తన మెడకు పడితే ఎలా ఉంటుందో తెలిసినవాడు చేసిన పని అది. అరవిందన్ ఒక్క మాట కూడా చెప్పించలేదు. ఈ సినిమాను 2021లో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, మార్టిన్ స్కోర్సెసీ స్థాపించిన సంస్థతోను, ఇటలీలోని బొలోనా సంస్థతోను కలిసి బాగుచేయించింది. పిల్లలతో కూర్చుని చూడదగ్గది.

తెలుగులో ఈ మధ్యకాలంలో అధివాస్తవిక ధోరణిలోకి ధైర్యంగా అడుగుపెట్టిన సినిమా 2018 నాటి ‘అ!’. ప్రశాంత్ వర్మ మొదటి సినిమా, నిర్మాత నాని. ఒక హోటలు, అందులో రకరకాల మనుషులు. వంటవాడితో చేప మాట్లాడుతుంది. కుండీలోని బోన్సాయ్ చెట్టు మాట్లాడుతుంది. ఇంద్రజాలం తెలిసిన చిన్నపిల్లకు ఎవరో కనిపించనివాళ్లు ఎదురుతిరుగుతారు. వీళ్లంతా కాళి అనే ఒక్క అమ్మాయి మనసులోని ముక్కలని చివర్లో తెలుస్తుంది. చిన్నతనంలో పడిన హింస ఆమెను అన్ని ముక్కలు చేసింది. మేకప్, స్పెషల్ ఎఫెక్ట్స్ విభాగాల్లో దీనికి జాతీయ అవార్డులు వచ్చాయి.

సినిమా మంచి సాహసం. చివర్లో చేతికి తాళంచెవి ఇచ్చేయడంతోనే చిక్కు వచ్చింది. చేప ఎందుకు మాట్లాడిందో తెలిసిపోగానే చేప మాటల్లోని వింత సగం చచ్చిపోతుంది. చూసినవాళ్లు హాలు బయట పజిల్ విప్పిన సంతోషంతో మాట్లాడుకుంటారు, కాళి పడ్డ బాధ గురించి అంతగా మాట్లాడుకోరు. వాలెరీ చివర దీనికి పూర్తిగా ఎదురు. అవ్వ ఏమీ జరగనట్టు మళ్లీ అవ్వ అవుతుంది, తల్లి బండిలో తిరిగొస్తుంది, మంచివాళ్లూ చెడ్డవాళ్లూ అందరూ ఒకచోట చేరి అడవిలో ఆడతారు. పిల్ల చెట్ల మధ్య వేసిన మంచం మీద పడుకుంటుంది. అంతా కలా అని అడిగితే సినిమా అవుననదు, కాదనదు. అంత జరిగాక కూడా వీళ్లందరి మధ్యే బతకాలన్నది మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

ఆడపిల్ల దారి నడిచే తెలుగు సినిమా అసలే లేదని కాదు. రజనేశ్ దోమల్పల్లి ‘వనజ’ 2006లో వచ్చింది. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువులో భాగంగా తీసిన సినిమా. నటులు చాలామంది అంతకుముందు కెమెరా ముందు నిలబడనివాళ్లే. బెస్తవారి పిల్ల జమీందారిణి ఇంట్లో పనికి చేరి కూచిపూడి నేర్చుకుంటుంది, ఆ ఇంటివాళ్ల వల్లే అన్యాయమైపోతుంది. 2007లో బెర్లిన్ చిత్రోత్సవంలో తొలి చిత్రానికి ఇచ్చే బహుమతి దానికి దక్కింది. ఇది పూర్తి వాస్తవిక చిత్రం, కలల జోలికి పోదు. ఆ పిల్ల కళ్లతో ఆ భవంతి ఎలా కనిపించిందో, జమీందారిణి ముఖం ఎప్పుడు తల్లిగా, ఎప్పుడు యజమానురాలిగా మారిందో చూపించే పని ఇంకా ఎవరికోసమో మిగిలే ఉంది.

చిన్నపిల్లలు ఇలాంటి సినిమాలను ఎలా చూస్తారో చూపించిన సినిమా కూడా ఒకటుంది. అది 1973లో స్పెయిన్‌లో విక్తోర్ ఎరీసె తీసిన ‘తేనెపట్టు ఆత్మ’. అక్కడ అంతర్యుద్ధం ముగిసిన కాలం, 1940 ప్రాంతం. పల్లెకు లారీలో సంచార సినిమావాళ్లు వస్తారు. ఊళ్లోవాళ్లు ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకుని కూర్చుంటారు. డేరా టాకీసు చూసిన తరానికి ఆ దృశ్యం కొత్తగా అనిపించదు. వేసిన బొమ్మ ‘ఫ్రాంకెన్‌స్టైన్’. ఆరేళ్ల ఆనా అందులో భూతం చిన్నపిల్లతో ఆడుకోవడం చూస్తుంది, ఆ తర్వాత పిల్ల చచ్చిపోవడం చూస్తుంది. భూతం దేనికి గుర్తు అని ఆ పిల్ల అడగదు. పిల్లను ఎందుకు చంపాడు, వాడిని ఎందుకు చంపారు అని అక్కను అడుగుతుంది. అక్క ఏదో కల్పించి చెబుతుంది. ఆనా ఆ మాట నమ్మి భూతాన్ని వెతుక్కుంటూ పోతే పాడుబడిన కొట్టంలో దాక్కున్న ఒక సైనికుడు కనిపిస్తాడు. ఆ పిల్ల తన యాపిల్‌పండు అతనికిస్తుంది.

నటించే పిల్లకు కథలో వేరే పేరు పెడితే తికమక పడుతోందని దర్శకుడు పాత్రల పేర్లు మార్చి నటుల పేర్లే పెట్టాడు. ఆనా టొరెంట్ కథలోనూ ఆనాయే. ఫ్రాంకో ఇంకా అధికారంలో ఉండగా తీసిన సినిమా ఇది. విమర్శకులు తేనెపట్టును ఆనాటి స్పెయిన్ సమాజానికి ప్రతీక అన్నారు. ఆ మాటలో తప్పు లేదు. ఆనా వేసిన ప్రశ్న దానికంటే లోతైనది. ‘ఎవరు, ఎవరిని, ఎందుకు’ అని అడిగితే సినిమా ఒక సంఘటనగా బతుకుతుంది. ‘దేనికి గుర్తు’ అని మాత్రమే అడిగితే లెక్కల పుస్తకం అవుతుంది.

సూళగిరి వైపు పిల్లలకు ఇలా చూడటం కొత్త కాదు. ఈ నేల మీద భారతం ఆడేటప్పుడు రాత్రంతా రంగు పూసుకుని ద్రౌపదిగా ఏడ్చిన మగమనిషే తెల్లారాక కొత్తిమీర కట్టలు బండికెక్కించడం చూసి పెరిగినవాళ్లున్నారు. ఒకే మనిషికి రెండు ముఖాలుంటాయని వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఈ పిల్లలకు భాషలోనూ ముఖాలు మారుతుంటాయి. అవ్వతో తెలుగు, బడిలో తమిళం, బెంగుళూరు నుంచి వచ్చే బేరగాళ్లతో కన్నడం. బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చాక, చాలా ఇళ్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లే తప్ప చదివేవాళ్లు తగ్గిపోతున్నారు. అవ్వ చెప్పే బాలనాగమ్మ కథ చెవికి అందుతుంది, అచ్చులో ఉన్న బాలనాగమ్మ కంటికి అందదు.

ఇప్పుడు ఫోనుతోనే చిన్న సినిమాలు తీసే కుర్రకారు హోసూరులోనూ ఉన్నారు. వాళ్లలో ఎవరైనా, మరీ ముఖ్యంగా ఒక అమ్మాయి, గుడిసెలో కూర్చున్న పన్నెండేళ్ల పిల్ల కథ తీయాలనుకుంటే తేల్చుకోవలసింది ఒకటుంది. కెమెరా గుడిసె బయట పెట్టాలా, లోపల పెట్టాలా? బయట పెడితే ఫ్లెక్సీలో కనిపించేదే కనిపిస్తుంది. పట్టుచీర, బంధువులు, బిరియాని. యిరెష్ కెమెరా కొన్నిచోట్ల చేసిన తప్పు కూడా అలా బయటినుంచి పిల్లను చూడటమే. లోపల పెడితే పిల్ల కనిపించదు, పిల్లకు కనిపించేవాళ్లు కనిపిస్తారు. ఆకుల సందుల్లోంచి మేనమామ చెయ్యి మాత్రమే, పెద్దమ్మ నోరు మాత్రమే. తమిళంలో ఒక గొంతు, తెలుగులో ఒక గొంతు. అవ్వ వంగి లోపలికి తొంగిచూస్తే, అదే నటిని తల్లిగానూ, పన్నెండేళ్ల కిందట అదే మూలన కూర్చున్న పిన్నిగానూ వాడుకోవచ్చు. దానికి పెద్ద ఖర్చు లేదు. హెలెనా అనీజోవా కూడా ఒకే ముఖంతో అవ్వ, చుట్టం, తల్లి అయింది.